ఆటల మీద ఇష్టంతో మొదలైన పరిచయాలు స్నేహం దాకా ఎందుకు రావు, రావాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఉద్యోగం కోసం కొత్త ఊరికి వచ్చారు, అక్కడ తెలిసినవాళ్లు లేరు. ఆటలంటే మీకు చాలా ఇష్టం, చూస్తారు, షటిల్ కొంచెం ఆడతారు కూడా. మ్యాచ్ ఉన్న రోజుల్లో ఆఫీసులోనూ, ఉంటున్న చోటా చాలామందితో మాటలు కలుస్తున్నాయి. మ్యాచ్ అయిపోగానే మాటలూ అయిపోతున్నాయి. ఆ పరిచయాలు స్నేహంగా ఎందుకు మారడం లేదు, మారాలంటే ఏం చేయాలి, మాట దేనితో మొదలుపెట్టాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఒక ఆట, ఒక గుంపు, వారంలో ఒక రోజు ఖాయం చేసుకోండి. ఆ రోజు ఆట మొదలవక ముందే వెళ్లండి, అయిపోగానే బయల్దేరకండి. అక్కడ ఏదో ఒక చిన్న పని మీరు తీసుకోండి. ఇలా ఆరు నెలలు మానకుండా వెళ్లండి.

నేను చాలా ఏళ్లుగా వారాంతాల్లో ఆడుకునేవాళ్ల గుంపు ఒకటి నడుపుతున్నాను. షటిల్‌తో మొదలైంది, తర్వాత క్రికెట్, పరుగు కూడా చేరాయి. కొత్తగా వచ్చి కలిసిపోయినవాళ్లను చూశాను, నాలుగు వారాలు వచ్చి మళ్లీ కనిపించనివాళ్లనూ చూశాను. వీళ్లకీ వాళ్లకీ తేడా ఆట బాగా రావడంలో లేదు. చాలా బాగా ఆడేవాళ్లే ఎక్కువగా మాయమయ్యారు. ఆటకు ముందు పావుగంట, తర్వాత అరగంట అక్కడ ఉన్నవాళ్లు మాత్రం మిగిలారు.

మ్యాచ్ మాటలు ఎందుకు ఆగిపోతాయి

ఒకే జట్టును ఇష్టపడటం అనేది పరిచయానికి చాలా బలమైన మొదలు. దీని మీద ఇంగ్లండ్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ లెవిన్, ఆయన సహచరులు చేసిన ఒక ప్రయోగం ఉంది. 2005లో ప్రచురించారు. మాంచెస్టర్ యునైటెడ్ అనే ఫుట్‌బాల్ జట్టు అభిమానులైన విద్యార్థులను ఒక భవనం నుంచి ఇంకో భవనానికి వెళ్లమన్నారు. దారిలో ఒకతను పరుగెత్తుతూ జారిపడి, చీలమండ పట్టుకుని మూలుగుతాడు. అతను పరిశోధకులు పెట్టిన మనిషే. అతని ఒంటి మీద మాంచెస్టర్ యునైటెడ్ చొక్కా ఉన్నప్పుడు ఆగి సాయం చేసినవాళ్లు ఎక్కువ. ప్రత్యర్థి జట్టు లివర్‌పూల్ చొక్కా ఉన్నప్పుడూ, ఏ జట్టుదీ కాని మామూలు చొక్కా ఉన్నప్పుడూ బాగా తక్కువ.

అదే ప్రయోగాన్ని కొంచెం మార్చి మళ్లీ చేశారు. ఈసారి విద్యార్థులను ముందుగా తమ జట్టు గురించి కాకుండా, ఫుట్‌బాల్ అభిమానిగా ఉండటం గురించి ఆలోచించమన్నారు. అప్పుడు లివర్‌పూల్ చొక్కా వేసుకున్నవాడికీ సాయం బాగానే అందింది. మామూలు చొక్కావాడికి మాత్రం అప్పుడూ తక్కువే అందింది.

అంటే ఒక రంగు, ఒక గుర్తు చాలు, ముక్కూమొహం తెలియని మనిషి కూడా మనవాడైపోతాడు. కానీ ఆ సాయం చొక్కాకు అందింది. దాన్ని వేసుకున్నది ఎవరో ఆ విద్యార్థులకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ రాలేదు. మ్యాచ్ రోజు మీరు మాట్లాడే మాటలూ ఇలాంటివే. అక్కడ మీ స్థానంలో ఇంకో అభిమాని ఉన్నా అవే మాటలు నడుస్తాయి. "ఆ రివ్యూ తీసుకోకుండా ఉండాల్సింది" అని ఎవరితోనైనా అనొచ్చు. మీరే కావాలని అవతలి మనిషికి అనిపించాలంటే కావలసింది ఇంకొకటి ఉంది. అది కలిసి గడిపిన సమయం.

ఎంత సమయం? అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయంలో పనిచేసే జెఫ్రీ హాల్ దీని మీదే పరిశోధన చేశారు, 2018లో వచ్చింది. ఆయన అడిగినవాళ్లలో మీలాగే కొత్త చోటుకు మారినవాళ్లు ఉన్నారు, కాలేజీలో కొత్తగా చేరినవాళ్లు ఉన్నారు. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి దాదాపు 50 గంటలు, స్నేహితుడు అని నిజంగా చెప్పుకోవడానికి 90 గంటలు, దగ్గరి స్నేహానికి 200 గంటల పైన పడుతుందని ఆయన లెక్క. ఇవి సుమారు లెక్కలే, మనిషిని బట్టి మారతాయి. ఇంకో మాట కూడా ఆయన చెప్పారు: ఒకే చోట పనిచేస్తూ గడిపే గంటలు దీనికి అంతగా ఉపయోగపడవు, ఇష్టంతో కలిసి గడిపిన సమయమే లెక్కకు వస్తుంది.

ఇప్పుడు మీ వారం లెక్క వేయండి. వారానికి రెండు గంటల ఆట అంటే 50 గంటలకు 25 వారాలు. అందుకే ఆరు నెలలు అన్నాను. గంట ఆడి వెళ్లిపోతే ఏడాది పడుతుంది. ఈ వారం షటిల్‌కు, వచ్చే వారం ఇంకో చోట ఫుట్‌బాల్‌కు, ఆ పై వారం రన్నింగ్ గ్రూప్‌కు వెళ్తే మీ గంటలు మూడు గుంపుల మధ్య ముక్కలవుతాయి, ఎవరి దగ్గరా 50 చేరవు. కొత్త ఊళ్లో ఉత్సాహంగా అన్ని గ్రూపుల్లో చేరేవాళ్లు ఏడాది తర్వాత కూడా ఒంటరిగా ఉండటానికి నాకు కనిపించిన కారణం ఇదే.

చిన్న పని తీసుకోండి

నేను చెప్పేవాటిలో దీన్ని మాత్రం వదిలేయకండి. కొత్తగా వచ్చినవాళ్లకు అసలు ఇబ్బంది ఆట మొదలయ్యే ముందు ఉంటుంది. పాతవాళ్లు నలుగురూ నిలబడి మాట్లాడుకుంటూ ఉంటారు, మీరు పక్కన ఫోన్ చూసుకుంటూ నిలబడతారు. ఆ టెన్షన్‌తోనే చాలామంది సరిగ్గా ఆట మొదలయ్యే సమయానికి వస్తారు, అయిపోగానే బ్యాగ్ సర్దుకుంటారు. చేతిలో ఒక పని ఉంటే అక్కడ నిలబడటానికి కారణం దొరుకుతుంది, అడగడానికి మాట దొరుకుతుంది. "ఈ నెట్ ఎత్తు సరిపోయిందా, ఆ చివర కొంచెం పట్టుకుంటారా?" అన్నంత చిన్న మాటతో మొదలవుతుంది.

మా దగ్గరికి ఒకబ్బాయి వచ్చేవాడు. అడిగితే తప్ప మాట్లాడడు. ఆట కూడా మామూలే. కానీ ప్రతి వారం అందరికన్నా ముందు వచ్చి నెట్ కట్టేవాడు, ఆట అయ్యాక విరిగిన షటిల్స్ ఏరేవాడు. కొన్ని నెలలకు ఎవరికి ఏ సందేహం వచ్చినా అతనికే ఫోన్ చేయడం మొదలైంది. ఈ వారం కోర్టు ఉందా, నా రాకెట్ అక్కడ మర్చిపోయానా, వచ్చే ఆదివారం మా తమ్ముణ్ణి తీసుకురావచ్చా. అతను ఒక వారం రాకపోతే అందరికీ తెలిసేది. అతను పెద్దగా మాటకారిగా మారలేదు, ఇప్పటికీ అంతే. అయినా మా గుంపులో ఎక్కువమందికి దగ్గరివాడు అతనే.

ఆడనివాళ్లకు కూడా ఈ దారి ఉంది. క్రికెట్ అంటే పిచ్చి ఇష్టం ఉన్న ఒకావిడ, మోకాలి సమస్య వల్ల ఆడలేనని వెనక్కి తగ్గుతుంటే, స్కోరు రాయమని అడిగాను. స్కోరు రాయాలంటే బ్యాటింగ్‌కు వస్తున్నది ఎవరు, బౌలింగ్ వేస్తున్నది ఎవరు, క్యాచ్ పట్టింది ఎవరు అని అడగాల్సిందే. ఒక్క పూటలో ఇరవై రెండు మంది పేర్లూ వచ్చేశాయి. క్రికెట్ నిబంధనల ప్రకారం స్కోరర్లు ఇద్దరు ఉండాలి, ఇద్దరి లెక్కలూ సరిపోతున్నాయో లేదో మ్యాచ్ మధ్యమధ్యలో చూసుకుంటూ ఉండాలి. మామూలుగా జట్టుకు ఒకరు చొప్పున పక్కపక్కన కూర్చుంటారు. ఎదుటి జట్టు మనిషితో పూటంతా పక్కన కూర్చుని, ప్రతి ఓవర్‌కూ "మీకెంత వచ్చింది?" అని అడుగుతూ ఉంటే ముభావంగా ఉండటం కష్టం. ఆవిడకు అలా ఎదుటి జట్టు స్కోరర్‌తోనే మంచి స్నేహం కుదిరింది.

ఈ పద్ధతి పెద్ద ఎత్తున ఎలా పనిచేస్తుందో చూడాలంటే పార్క్‌రన్ ఉంది. 2004 అక్టోబరులో లండన్‌లోని బుషీ పార్క్‌లో పాల్ సింటన్-హెవిట్ మొదలుపెట్టారు, మొదటి రోజు పరుగెత్తింది 13 మంది. వారానికోసారి 5 కిలోమీటర్లు, ప్రవేశ రుసుము లేదు. ఇప్పుడు చాలా దేశాల్లో జరుగుతోంది. దాన్ని నడిపేది వాలంటీర్లే. సమయం రాసేవాళ్లు, మలుపుల దగ్గర దారి చూపేవాళ్లు, అందరికన్నా చివర నడుస్తూ ఎవరూ వెనక మిగిలిపోకుండా చూసేవాళ్లు. పరుగెత్తలేనివాళ్లు కూడా ఆ చివరి పనితో చేరిపోవచ్చు. గమనించండి, ప్రతి వారం ఒకే రోజు, ఒకే చోట, ఒకే దూరం. రావాలా వద్దా, ఎక్కడికి రావాలి అని ఆలోచించే పనే లేదు.

ఏ ఆట ఎంచుకోవాలి

మీకు ఇష్టమైన ఆటే ఆడండి, కాకపోతే అన్ని ఆటలూ మాటలకు ఒకేలా చోటివ్వవు.

నా అభిప్రాయంలో కొత్తవాళ్లకు అన్నిటికన్నా అనువైనది డబుల్స్ షటిల్. ఆట పావుగంటలో అయిపోతుంది, పార్ట్‌నర్ మారుతూ ఉంటాడు, కోర్టు కోసం ఎదురుచూస్తూ బయట కూర్చునే సమయం ఉంటుంది. ఆ బెంచీ మీద కూర్చునే సమయాన్ని చాలామంది వృథా అనుకుంటారు, నేను మాత్రం దాన్ని తగ్గించకుండా జాగ్రత్తపడతాను. రెండో కోర్టు దొరికినా కొన్నిసార్లు ఒక్కటే తీసుకుంటాం. పికిల్‌బాల్ (చిన్న కోర్టులో బ్యాట్లు, ప్లాస్టిక్ బంతితో ఆడే ఆట) ఆడేవాళ్లు చాలాచోట్ల బ్యాట్లను వరసలో పెట్టి, వంతు వచ్చినవాళ్లు వచ్చినట్టు నలుగురేసి ఆడతారు. ఎవరు ఎవరితో ఆడాలో ఆ వరసే తేలుస్తుంది కాబట్టి "నన్ను కలుపుకుంటారా?" అని అడగవలసిన అవసరం ఉండదు. మీరు చేరే గుంపులో ఇలాంటి పద్ధతి ఉందా అని చూడండి. ఎప్పుడూ అదే నలుగురు ఒక కోర్టు పట్టుకుని ఆడే చోట కొత్తవాళ్లు నిలవరు.

క్రికెట్‌లో మన జట్టు బ్యాటింగ్ చేస్తున్నప్పుడు మిగతా తొమ్మిదిమందీ బయటే ఉంటారు. మాటలకు అదే మంచి సమయం. ఆ సమయంలో ఫోన్ బ్యాగులో పెట్టేయండి. పరుగు విషయంలో మాట్లాడుతూ పరుగెత్తగలిగే వేగం వాళ్లతో చేరండి. ఆయాసపడకుండా పూర్తి వాక్యం చెప్పగలిగితే అది తేలికైన వేగం, శిక్షకులు కూడా దీన్నే కొలతగా వాడతారు. మీకన్నా వేగంగా పరుగెత్తేవాళ్ల వెనక పడితే ఆరోగ్యం మెరుగవుతుందేమో కానీ మాట మాత్రం రాదు. ఈత, జిమ్ ఒంటరిగా చేసుకునేవి, వాటి చుట్టూ స్నేహం కుదరాలంటే బయట వేరే ఏర్పాటు ఉండాలి.

అల్టిమేట్ ఫ్రిస్బీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే తక్కువమందికి తెలుసు. రెండు జట్లు ప్లాస్టిక్ పళ్లెం లాంటి డిస్క్‌ను విసురుకుంటూ ఆడే ఆ ఆటను మామూలుగా రిఫరీలు లేకుండా ఆడతారు. ఫౌల్ అయిందా లేదా అన్నది ఆటగాళ్లే మాట్లాడుకుని తేల్చుకుంటారు, ప్రపంచ పోటీల్లో కూడా. చాలాచోట్ల మ్యాచ్ అయ్యాక రెండు జట్లూ కలిపి వలయంగా నిలబడి మాట్లాడుకుంటారు. అపరిచితులతో న్యాయంగా వాదించడం, ఒప్పుకోవడం ఆ ఆటలోనే భాగం.

కలిసి ఒకే లయలో చేసే ఆటలకు ఇంకో బలం ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో పడవ పోటీల జట్టు మీద 2009లో వచ్చిన చిన్న అధ్యయనంలో, ఒంటరిగా తెడ్డు వేసిన రోజు కన్నా అంతే శ్రమను జట్టుగా ఒకే లయలో చేసిన రోజు వాళ్లు నొప్పిని ఎక్కువగా ఓర్చుకోగలిగారు. శరీరంలో నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్లు అనే రసాయనాలు ఎక్కువగా విడుదల కావడమే కారణమై ఉంటుందని పరిశోధకులు భావించారు. పాల్గొన్నది 12 మందే కాబట్టి దాన్ని మరీ పెద్దది చేయను. కానీ కలిసి చెమటోడ్చాక వచ్చే ఆ తేలికైన మూడ్‌లో మనుషులు మామూలుగా చెప్పని విషయాలు చెప్పుకోవడం నేను ప్రతి వారం చూస్తాను. అందుకే అయిపోగానే బయల్దేరకండి అంటున్నాను.

చూడటం మాత్రమే ఇష్టమైతే

దానికీ ఇదే పద్ధతి. పెద్ద ఫైనల్ రోజు యాభైమందితో కలిసి చూడటం పండగలా ఉంటుంది, స్నేహానికి అంతగా పనికిరాదు. ముగ్గురు నలుగురు కలిసి ఒక లీగ్ మొత్తం వారం వారం చూడండి, అంత ప్రాధాన్యం లేని మ్యాచ్‌లతో సహా. బోర్ కొట్టే మ్యాచ్‌లోనే సొంత కబుర్లు బయటికి వస్తాయి.

మాట దేనితో మొదలుపెట్టాలని అడిగారు కదా. స్కోరు గురించి, సెలక్షన్ గురించి అడిగితే అభిప్రాయాలు వస్తాయి. "ఈ ఆట మీకు ఎవరు అలవాటు చేశారు?" అని అడగండి. నాన్న, అక్క, హాస్టల్ గది, రేడియో కామెంటరీ, పోయిన తాతయ్య, ఇలా మనిషి కథ వస్తుంది. నేను కొత్తవాళ్లను అడిగే మొదటి ప్రశ్న ఇదే.

వాళ్ల జట్టు ఓడిన రోజు గుర్తుపెట్టుకుని పలకరించండి. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చాల్డీని, సహచరులు 1976లో అమెరికా విద్యార్థుల మీద చేసిన అధ్యయనం ఒకటి ప్రసిద్ధమైనది. తమ కాలేజీ జట్టు గెలిస్తే "మేం గెలిచాం" అనేవాళ్లు, ఓడితే "వాళ్లు ఓడిపోయారు" అనేవాళ్లు. గెలిచిన రోజు అందరూ మన పక్కనే ఉంటారు. ఓడిన రాత్రి వచ్చే ఒక్క మెసేజ్‌ని మనిషి మర్చిపోడు. ప్రత్యర్థి జట్టు అభిమాని అయినా ఇంతే. ఆటపట్టించడం మొదలుపెట్టే హక్కు ఓడినవాడిదే అని మేం ఒక మాట అనుకున్నాం. అతను నవ్వుతూ ఎత్తితే మనం అందుకోవచ్చు, అతను మౌనంగా ఉంటే ఆ రోజుకు ఆ విషయం వద్దు.

జాగ్రత్తలు

కొత్తవాళ్లను పరీక్షించే గుంపులు ఉంటాయి. "అంత అభిమానివైతే ఫలానా ఏడాది ఫైనల్‌లో ఆఖరి ఓవర్ ఎవరు వేశారు?" అని. ముఖ్యంగా అమ్మాయిలకు ఈ ప్రశ్నలు ఎక్కువ పడతాయి. అలాంటిచోట నిరూపించుకుంటూ కూర్చోకండి, ఇంకో చోటు వెతుక్కోండి. మీరు కూడా ఎవరినీ అలా అడగకండి.

డబ్బు పందేలు మొదలైన గుంపుకు దూరంగా ఉండండి. చిన్న మొత్తమే కదా అని మొదలవుతుంది. తర్వాత తప్పిన క్యాచ్ మీద కోపం ఆట మీద కోపంగా ఉండదు. మా దగ్గర ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా ఉంటాను. కోర్టు ఖర్చు పంచుకోవడం వేరు, అది ప్రతి నెలా ఒకే రోజు, అందరికీ కనిపించేలా లెక్కవేసి పంచుకోవాలి.

స్థాయిలో తేడా ఉంటే దాచకండి. "నేను ఇప్పుడే నేర్చుకుంటున్నాను" అని మొదటి రోజే చెప్పండి. చాలామందికి నేర్పడం ఇష్టం, అడిగినవాళ్ల మీద అభిమానం కూడా పుడుతుంది. ఇక ఎక్కువ బాగా ఆడేవాళ్లైతే, బలహీనమైన పార్ట్‌నర్ పక్కన ఉన్నప్పుడు మీ ముఖం ఎలా ఉందో చూసుకోండి. పాయింట్ పోయినప్పుడు వచ్చే ఒక్క నిట్టూర్పు చాలు, వచ్చే వారం ఆ మనిషి రాడు.

మూడు నాలుగు వారాలు వెళ్లాక కూడా మీ పేరు ఎవరూ అడగకపోతే ఆ గుంపు మీకు సరిపడదు. మొహమాటపడకుండా మారండి. ఆరు నెలల లెక్క సరైన చోటు దొరికాకే మొదలవుతుంది.

మైదానం దాటి ఎప్పుడు పిలవాలి

చాలామంది ఇక్కడ ఆగిపోతారు, ఏళ్ల తరబడి కలిసి ఆడి కూడా ఒకరి ఇల్లు ఒకరు చూడరు. "ఎప్పుడైనా కలుద్దాం" అంటే ఎప్పటికీ కలవరు. ఆటకు దగ్గరగా ఉండే పని మీద, రోజు చెప్పి పిలవండి. "శనివారం రాకెట్‌కు గట్ వేయించడానికి వెళ్తున్నాను, మీదీ తెస్తారా?" అనడం ఎవరికీ ఇబ్బందిగా ఉండదు. ఆ దారిలోనే మిగతా మాటలన్నీ వస్తాయి.

ఇంకో సందర్భం గాయం. ఎవరికైనా కాలు బెణికి రెండు నెలలు రాలేకపోతే గ్రూప్‌లో "గెట్ వెల్ సూన్" అని అందరూ పెడతారు, అక్కడితో అయిపోతుంది. మీరు వెళ్లి కలవండి, లేదా ఆడకపోయినా వచ్చి కూర్చోమని పిలవండి. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021 ఆగస్టులో, హైజంప్ స్వర్ణాన్ని పంచుకున్న ఖతార్ ఆటగాడు ముతాజ్ ఈసా బర్షిమ్, ఇటలీ ఆటగాడు జాన్‌మార్కో టాంబేరి మీకు గుర్తుండే ఉంటారు. ఇద్దరూ 2.37 మీటర్లు దాటారు, 2.39 దగ్గర ఇద్దరూ ఆగారు. ఇద్దరికీ స్వర్ణం ఇవ్వొచ్చా అని బర్షిమ్ అధికారిని అడిగాడు. అందరూ ఆ నిమిషాన్నే చెప్పుకుంటారు. కానీ అంతకుముందు ఇద్దరూ చీలమండ గాయాలతో పోటీలకు దూరమైనవాళ్లే. 2017లో పారిస్‌లో టాంబేరి పోటీలో విఫలమై గదిలో తలుపేసుకుని కూర్చుంటే, వదలకుండా తలుపు తట్టి లోపలికి వెళ్లి మాట్లాడింది బర్షిమే.

మీరు షటిల్ కొద్దిగా ఆడతానన్నారు కాబట్టి దానితోనే మొదలుపెట్టండి. గుంపు నడిపేవాళ్లకు ముందు రోజే మెసేజ్ పెట్టి రెండు విషయాలు అడగండి: పార్ట్‌నర్లు మారుతూ ఆడతారా, నెట్ కట్టడానికి నేను కొంచెం ముందు రావచ్చా. మొదటిదానికి అవును అని వస్తే ఆ గుంపు మీకు సరిపోతుంది. రెండోదానికి కాదని చెప్పిన నిర్వాహకుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.